రాజ్యం పద్దులు తనిఖీ చేసిన క్రైస్తవుడు: జె.సి. కుమారప్ప

1930 మార్చి 1న భారతదేశంలోని ఆంగ్లికన్ సంఘం ఇంగ్లండ్ సంఘం నుంచి చట్టరీత్యా విడివడింది. అంతవరకూ అది ఒక విధంగా ప్రభుత్వ యంత్రాంగంలో భాగం. సైనిక పటాలాలకూ తెల్ల అధికారులకూ ఆరాధన జరిపే చాప్లిన్ల జీతభత్యాలు భారతీయ ఖజానా నుంచే చెల్లేవి. విడివడిన తర్వాత కూడా సైన్యం కోసం నియమించిన చాప్లిన్ల ఖర్చు ఆ ఖజానా మీదనే కొనసాగింది. సరిగ్గా పదకొండు రోజులకు, మార్చి 12న, గాంధీజీ 78 మంది సహచరులతో సబర్మతి ఆశ్రమం నుంచి దండి సముద్రతీరానికి బయలుదేరారు. ఆ సహచరులలో క్రైస్తవుడు ఒక్కరే, కేరళకు చెందిన తేవర్‌తుండియిల్ టైటస్.

ఈ రెండు ఘటనలూ ఒకదాని కోసం మరొకటి జరిగినవి కావు. అయినా ఆ ఏడాది భారతీయ క్రైస్తవుల ముందు నిలిచిన ప్రశ్న వాటి మధ్యనే పుట్టింది. ఉప్పు చట్టాన్ని ధిక్కరించడం క్రైస్తవుడికి పాపమా? రాజ్యాధికారం దైవదత్తమని నమ్మే మతంలో ఉంటూ ఆ రాజ్యం చేసిన చట్టాన్ని అన్యాయమని తిరస్కరించవచ్చునా? కలకత్తా బిషప్పు, భారత ఆంగ్లికన్ సంఘానికి అధిపతి అయిన మెట్రోపాలిటన్ ఫాస్ వెస్ట్‌కాట్ తిరస్కరించరాదన్నారు. ఆయనతో బాహాటంగా వాదానికి దిగినది మరో మతాచార్యుడు కాదు. లండన్‌లో లెక్కల శాస్త్రం చదివి, బొంబాయిలో కంపెనీల పద్దులు తనిఖీ చేసి, అప్పటికి ఏడాది క్రితమే కోటూ టై విడిచి ఖద్దరు కట్టిన ఒక తమిళ ఆడిటరు. ఆయన పేరు జోసెఫ్ చెల్లదురై కుమారప్ప.

కుమారప్ప 1892 జనవరి 4న తంజావూరులో జన్మించారు. అప్పటి పేరు జోసెఫ్ చెల్లదురై కొర్నేలియస్. తండ్రి సాల్మన్ దురైస్వామి కొర్నేలియస్ మద్రాసు ప్రభుత్వ ప్రజాపనుల శాఖలో ఉద్యోగి, తల్లి ఎస్తేరు రాజనాయగం. ఇంట్లో క్రమశిక్షణ, ప్రార్థన, ఇంగ్లీషు చదువు కలిసి నడిచాయి. సామ్రాజ్యపు నీడన నెమ్మదిగా ఎదిగిన దక్షిణాది క్రైస్తవ మధ్యతరగతికి ఆ కుటుంబం మంచి ఉదాహరణ. రాజ్యం మీద ఆగ్రహం పుట్టేందుకు అక్కడ ప్రత్యేకమైన కారణమేదీ కనిపించదు. మొదటి ప్రపంచ యుద్ధానికి ముందు లండన్ వెళ్లిన ఆ యువకుడు ఇన్‌కార్పొరేటెడ్ అకౌంటెంటుగా అర్హత పొంది అక్కడే కొంతకాలం పనిచేశారు. తల్లి రమ్మని పట్టుబట్టడంతో తిరిగివచ్చి, బొంబాయిలో సొంతంగా ఆడిట్ సంస్థ నెలకొల్పారు. మంచి ఆదాయం, విదేశీ దుస్తులు, విదేశీ అలవాట్లు. ముప్పయ్యో పడి మధ్యకు వచ్చేవరకూ ఆయన జీవితంలో రాజకీయమన్నది లేదు.

1927లో అమెరికా వెళ్లడంతో ఆ క్రమం చెదిరింది. సిరక్యూస్ విశ్వవిద్యాలయంలో వ్యాపార నిర్వహణలో పట్టా తీసుకుని, న్యూయార్క్‌లోని కొలంబియా విశ్వవిద్యాలయంలో ప్రభుత్వ విత్తం చదవడానికి చేరారు. అక్కడి ఆచార్యుడు ఎడ్విన్ సెలిగ్మన్ పన్నుల శాస్త్రంలో అప్పటికే ప్రసిద్ధుడు. భారతదేశం ఎందుకు పేదగా ఉందన్న విషయంపై కుమారప్ప ఒక చర్చిలో ఉపన్యసించారు. పత్రికలో ఆ వార్త చూసిన సెలిగ్మన్, పరిశోధనకు ఆ ప్రశ్ననే తీసుకోమని ప్రోత్సహించారు. విద్యార్థి తనకు తెలిసిన పనే చేశాడు. భారత ప్రభుత్వపు జమాఖర్చులను ఒక కంపెనీ పద్దులను చూసినట్టు చూశాడు. ఎవరి దగ్గర వసూలు చేస్తున్నారు, ఎవరి మీద ఖర్చు పెడుతున్నారు అన్నదే ఆయన ప్రశ్న. సైన్యానికీ, వడ్డీలకూ, ఉన్నతోద్యోగుల జీతాలకూ పోగా పన్ను కట్టినవాడి చదువుకూ ఆరోగ్యానికీ సేద్యానికీ మిగులుతున్నది ఎంత అని లెక్క తీసేసరికి, సామ్రాజ్యపు దయాధర్మాల గురించి చిన్ననాటి నుంచీ విన్నదంతా తలకిందులైంది. రాజకీయ సభలలో విన్న ఉపన్యాసాలో, జైలు అనుభవాలో ఆయనను మార్చలేదు. బడ్జెటు పుస్తకాలు మార్చాయి. ఆ తరం జాతీయవాదులలో ఇది అరుదైన సంగతి.

భారతదేశానికి తిరిగి వచ్చిన తర్వాత ఆయన కొర్నేలియస్ అన్న పేరు విడిచి కుమారప్ప అన్న పూర్వీకుల పేరు స్వీకరించారు. తమ్ముడు భరతన్ కూడా అదే పేరు పెట్టుకున్నారు. పేరు మారింది గాని మతం మారలేదు. ఈ తేడాను ఆనాడు చాలామంది గ్రహించలేకపోయారు. క్రీస్తును విడవకుండా కొర్నేలియస్‌ను విడవవచ్చుననడమే అప్పటికి ఒక రాజకీయ ప్రకటన.

పరిశోధన గ్రంథాన్ని ప్రచురించే ప్రయత్నంలో ఎవరో గాంధీజీని కలవమన్నారు. 1929 మే 9న సబర్మతి ఆశ్రమానికి వెళ్లినప్పుడు కుమారప్ప పాశ్చాత్య దుస్తులలో, చేతికర్రతో ఉన్నారు. బసకిచ్చిన గదిలో కుర్చీ కూడా లేకపోవడం చూసి విసుగు కలిగింది. చెప్పిన వేళకు కొంచెం ముందుగా బయలుదేరితే, ఒక చెట్టు కింద పేడతో అలికిన నేల మీద కూర్చుని నూలు వడుకుతున్న ముసలాయన కనిపించాడు. నిలబడి చూస్తూ ఉండిపోయారు. కాసేపటికి ఆ ముసలాయనే పలకరించి, మీరు కుమారప్పేనా అని అడిగేవరకూ ఆయన ఎవరో తెలియలేదు. పట్టు ప్యాంటు నలిగినా సరే అని నేల మీదనే కూర్చున్నారు. గాంధీజీ అప్పటికే ఆ గ్రంథాన్ని చదివారు. దానిని తన యంగ్ ఇండియా పత్రికలో వరుసగా ప్రచురిస్తానన్నారు, గుజరాత్‌లో ఒక గ్రామీణ సర్వే చేసిపెట్టగలరా అని అడిగారు.

ఆ సర్వే మొదలవకుండానే ఆగిపోవలసింది. గుజరాతీ భాష రాని మనిషి గుజరాతీ పల్లెలలో ఏం సర్వే చేస్తాడని గుజరాత్ విద్యాపీఠం బాధ్యతలు చూస్తున్న కాకా కాలేల్కర్ సందేహించారు. కుమారప్ప నొచ్చుకుని బొంబాయి వెళ్లిపోయారు. గాంధీజీ కల్పించుకుని వెనక్కి రప్పించవలసి వచ్చింది. ఆ తర్వాత ఆయన విద్యాపీఠంలో అర్థశాస్త్ర ఆచార్యుడుగా చేరి, విద్యార్థులను వెంటబెట్టుకుని ఖేడా జిల్లా మాతర్ తాలూకా గ్రామాలు తిరిగారు. భూమి ఎంత, ఎడ్లు ఎన్ని, అప్పు ఎంత, శిస్తు ఎంత, ఏడాదికి కుటుంబానికి మిగిలేది ఎంత అని గడప గడపకూ వెళ్లి రాసుకున్నారు. ఖేడా రైతులు 1918లోనే శిస్తు కట్టబోమని సత్యాగ్రహం చేసినవారు. పంట పోయిందని రైతు అంటే, పోలేదని కలెక్టరు అనేవాడు. ఇద్దరి మాటల మధ్యా సాక్ష్యంగా నిలబడగల అంకెలు లేవు. మాతర్ సర్వే ఆ లోటును తీర్చింది. 1931లో పుస్తకంగా వచ్చిన ఆ నివేదిక ప్రకారం, చాలా కుటుంబాలు భూమి మీద వచ్చిన మిగులు నుంచి కాక, తినవలసిన తిండి నుంచి కోసి శిస్తు కడుతున్నాయి. మిగులు మీద వేస్తే అది పన్ను. ఆకలి మీద వేస్తే దానిని ఏమనాలన్న ప్రశ్నను కుమారప్ప జీవితాంతం వదలలేదు.

ఇంతలో ఉప్పు సత్యాగ్రహం వచ్చింది. 1930 మే మొదటి వారంలో గాంధీజీని అరెస్టు చేశాక యంగ్ ఇండియా సంపాదక బాధ్యత కుమారప్ప మీద పడింది. నవజీవన్ ముద్రణాలయాన్ని ప్రభుత్వం స్వాధీనం చేసుకుంటే పత్రికను సైక్లోస్టైల్ ప్రతులుగా తీశారు. క్రైస్తవ సేవకులకూ మిషనరీలకూ ఆయన చేసిన విజ్ఞప్తి, మెట్రోపాలిటన్‌తో జరిగిన వాదం ఈ కాలానివే.

ఆ వాదాన్ని అర్థం చేసుకోవాలంటే నాటి క్రైస్తవ సంఘాల పరిస్థితిని కొంచెం తెలుసుకోవాలి. మిషన్ పాఠశాలలు చాలావరకు ప్రభుత్వ గ్రాంట్ల మీద నడిచేవి. బ్రిటిషేతర దేశాల నుంచి వచ్చే మిషనరీ సంస్థలు ప్రభుత్వానికి విధేయంగా ఉంటామని, రాజకీయాలలో తలదూర్చబోమని హామీ ఇస్తే తప్ప దేశంలోకి అనుమతి లేదు. ఆ హామీ కాగితం మీది లాంఛనం మాత్రమే కాదు. మదురైలో పనిచేస్తున్న అమెరికన్ మిషనరీ రాల్ఫ్ రిచర్డ్ కైతాన్, గాంధీజీ వద్ద నుంచి వచ్చిన రెజినాల్డ్ రేనాల్డ్స్ అనే ఇంగ్లీషు యువకుడికి ఇంట్లో ఆతిథ్యమిచ్చారన్న నేరానికి 1930లోనే దేశం విడిచి వెళ్లవలసి వచ్చింది. సంఖ్యలో కొద్దిమంది అయిన భారతీయ క్రైస్తవులకు మరో భయం కూడా ఉంది. బ్రిటిష్ వారు వెళ్లిపోతే మెజారిటీ సమాజం తమను ఎలా చూస్తుందో తెలియదు. అందువల్ల విధేయత కేవలం బైబిలు వ్యాఖ్యాన విషయం కాదు. బడి నడవడం, ఆసుపత్రి నడవడం, పక్కింటివారితో బతకడం అన్నీ దానితో ముడిపడి ఉన్నాయి.

విధేయత పక్షాన నిలిచినవారికి ముఖ్యమైన ఆధారం పౌలు రోమీయులకు రాసిన పత్రికలోని 13వ అధ్యాయం. అధికారమన్నది దేవుని నియామకమేనని, దానిని ఎదిరించేవాడు ఆ నియామకాన్నే ఎదిరిస్తున్నాడని ఆ అధ్యాయపు భావం. రోమన్ చక్రవర్తి పన్ను గురించి అడిగినప్పుడు యేసు నాణెం తెప్పించి చూపిన సందర్భాన్ని కూడా ఇందుకు జోడించేవారు. ఎదురు పక్షం అపొస్తలుల కార్యములు 5వ అధ్యాయాన్ని చూపేది. బోధించవద్దని పాలకసభ ఆజ్ఞాపించినప్పుడు, మనుషుల కంటే దేవునికి లోబడటమే తమ విధి అని పేతురు సమాధానమిచ్చిన ఘట్టమది. రెండూ ఒకే గ్రంథంలో ఉన్నవే. మార్టిన్ లూథర్ కాలం నుంచీ యూరప్ ఈ రెంటి మధ్యా నలుగుతూనే ఉంది.

వెస్ట్‌కాట్‌ను సామ్రాజ్యపు కీలుబొమ్మగా చూడటం న్యాయం కాదు. చట్టాన్ని సామూహికంగా ధిక్కరించడం క్రీస్తు బోధకు పొసగదని ఆయన నిజాయితీగానే నమ్మారు. అందులో కొట్టిపారేయలేని భయం ఒకటి ఉంది. ఏ చట్టం న్యాయమో ఎవరికి వారే తేల్చుకోవడం మొదలుపెడితే, రేపు బలవంతుడి మనస్సాక్షే చట్టమవుతుంది. పైగా అహింస పేరుతో మొదలైన గుంపు అహింసతోనే ముగుస్తుందన్న హామీ లేదు. 1922లో చౌరీచౌరాలో ఏం జరిగిందో అందరికీ గుర్తుంది.

కుమారప్ప సమాధానంలో దైవశాస్త్ర పరిభాష తక్కువ. యేసు కూడా తన కాలపు నియమాలను మనిషి ఆకలి ముందు, రోగం ముందు పక్కన పెట్టినవాడే. దేవాలయంలో డబ్బు మార్చేవారి బల్లలు తోసినవాడే. చివరికి రోమన్ గవర్నరు తీర్పుతో, రాజద్రోహి అన్న ముద్రతో ప్రాణం విడిచినవాడే. పగ లేకుండా, దెబ్బకు దెబ్బ తీయకుండా, వేసిన శిక్షను భరిస్తూ అన్యాయాన్ని నిరాకరించడమే ఆయన మార్గమైతే, ఆ మార్గంలో నడుస్తున్న సత్యాగ్రహుల మీద లాఠీలు పడుతుండగా ఆయన పేరు మోసే సంఘాలు మౌనం వహించడం తగదని కుమారప్ప వాదించారు. మతాచార్యులు ప్రభుత్వం తరఫున మాట్లాడుతున్నారా, క్రీస్తు తరఫున మాట్లాడుతున్నారా తేల్చుకోవాలన్నది ఆయన నిలదీత. మర్యాద తప్పని భాషే గాని, మెత్తని భాష మాత్రం కాదు.

బిషప్పు భయానికి ఆయన వద్ద ఉన్న అసలు జవాబు ఈ వాదంలో కంటే ఆయన చేసిన పనిలో కనిపిస్తుంది. రోమీయుల పత్రికలోని ఆ అధ్యాయమే పాలకుడిని ప్రజల మేలు కోసం నియమితుడైన సేవకుడిగా చెబుతుంది. పన్ను కట్టడాన్ని కూడా ఆ సేవకే ముడిపెడుతుంది. సేవకుడన్నాక లెక్క చెప్పాలి. ఆడిటరుకు ఇది విడమరచి చెప్పనక్కరలేని సంగతి. యజమాని సొమ్ము సొంతానికి వాడుకున్న గుమాస్తా, తనను నియమించిన ఉత్తర్వు చూపించి తప్పించుకోలేడు. ప్రభుత్వపు నైతిక అర్హతను ఒక్కొక్కరి మనస్సాక్షికి వదిలితే వెస్ట్‌కాట్ చెప్పిన గందరగోళం తప్పదు. దానిని జమాఖర్చుల మీద నిలబెడితే ఎవరైనా పరీక్షించవచ్చు, తప్పని రుజువు చేయవచ్చు. మాతర్ తాలూకా పుస్తకం అలాంటి పరీక్ష. ఇక శిక్ష సంగతి అంటారా, చట్టం వేసిన శిక్షను కుమారప్ప తప్పించుకోవాలని చూడలేదు. యంగ్ ఇండియాలో రాసిన రాతలకు 1931లో జైలుకు వెళ్లి, గాంధీ-ఇర్విన్ ఒప్పందం తర్వాత విడుదలయ్యారు.

బయటికి రాగానే అదే పరీక్షను మరింత పెద్ద పద్దు మీద ప్రయోగించే అవకాశం దొరికింది. భారత ప్రభుత్వం పేరున ఉన్న అప్పులలో నిజంగా భారతీయులు తీర్చవలసినవి ఎన్ని అని పరిశీలించడానికి కాంగ్రెస్ 1931లో ఒక సంఘం వేసింది. డి.ఎన్. బహదూర్‌జీ, భూలాభాయ్ దేశాయ్, కె.టి. షాలతో పాటు కుమారప్ప సభ్యుడు, సమావేశకర్త. ఈస్టిండియా కంపెనీ వాటాదారులకు ఇచ్చిన పరిహారం, 1857 తిరుగుబాటును అణచడానికి అయిన ఖర్చు, అఫ్గాన్, బర్మా యుద్ధాల వ్యయం, ఇవన్నీ భారతీయుల అప్పు ఖాతాలోనే రాసి ఉన్నాయి. తమను జయించడానికి అయిన ఖర్చును జయించబడినవారే వడ్డీతో సహా కట్టాలనడం ఏ వ్యాపార న్యాయానికీ నిలవదని ఆ నివేదిక తేల్చింది. ప్రజల సమ్మతి లేకుండా, ప్రజల మేలు కోసం కాకుండా చేసిన అప్పు ప్రజలను బంధించదన్న ఈ వాదం ఆ తర్వాతి కాలంలో ఎన్నో పేద దేశాల నోట వినిపించింది. నివేదిక వచ్చిన కొద్ది నెలలకే, 1932లో, కుమారప్ప మళ్లీ జైలులో ఉన్నారు.

1934 జనవరి 15న బీహార్‌ను భూకంపం కుదిపేసింది. రాజేంద్రప్రసాద్ నాయకత్వంలోని సహాయక సంఘానికి విరాళాలు వెల్లువెత్తాయి. ఆ డబ్బుకు కాపలాగా కుమారప్పను ఆర్థిక సలహాదారుగా పిలిచారు. అక్కడి కథలు గాంధేయుల ఇళ్లలో ఈనాటికీ చెప్పుకుంటారు. కార్యకర్తకు రోజుకు మూడు అణాలకు మించి భోజన భత్యం లేదని ఆయన కట్టడి చేశారట. గాంధీజీ పరివారంతో సహా వచ్చినప్పుడు, వారి ఖర్చు సహాయనిధిలో రాయడానికి వీల్లేదని మహదేవ్ దేశాయ్‌కి చెప్పేశారట. లెక్కల గడువు దగ్గరపడిన రోజున స్వయంగా గాంధీజీ పలకరించడానికి వస్తే, తీరిక లేదని కబురంపారట. చెప్పుకునేవారు ఇందులో ఆయన ముక్కుసూటితనాన్ని చూసి నవ్వుకుంటారు. కానీ ఇంగ్లీషు వైస్రాయి ఖజానాకు పట్టిన కొలబద్దనే ఆయన తన గురువు సంచికి కూడా పట్టారన్నది గమనించవలసిన విషయం. ఆ కొలబద్ద కోపం నుంచి పుట్టినదైతే బీహార్‌లో దాని అవసరం ఉండేది కాదు.

ఆ ఏడాది చివర వార్ధాలో అఖిల భారత గ్రామ పరిశ్రమల సంఘం ఏర్పడింది. కార్యదర్శి కుమారప్ప. మగన్‌వాడీ ఆవరణలో ఎద్దుగానుగ, దంపుడు బియ్యం, తాటిబెల్లం, తేనెటీగల పెంపకం, చేతికాగితం, కిరసనాయిలు అక్కరలేకుండా స్థానికంగా దొరికే నూనెతో వెలిగే మగన్ దీపం వంటి ప్రయోగాలు సాగాయి. చూడటానికి ఇవి రాజ్యాధికారానికి దూరమైన వ్యవహారాలు. కుమారప్ప దృష్టిలో కావు. కొనే ప్రతి వస్తువు వెనుకా ఒక పాలన ఉంటుందని ఆయన చెప్పేవారు. దీనికి ఆయన ఇచ్చిన ఉదాహరణ కోకో డబ్బా. ఆఫ్రికా తీరంలో బలవంతపు చాకిరీతో గింజలు పండిస్తే, ఆ భూమిని పట్టి ఉంచడానికి సైన్యం కావాలి. ఆ సరుకు దాటే సముద్రాన్ని కాయడానికి నౌకాదళం కావాలి. డబ్బా కొన్న ఇల్లాలు తెలియకుండానే ఆ హింసలో వాటాదారు అవుతుంది. రోమ్ చక్రవర్తికి కట్టే పన్ను గురించి మాత్రమే ఆలోచించిన క్రైస్తవ సంప్రదాయానికి ఆయన జోడించిన కొత్త ప్రశ్న ఇదే. అన్యాయమైన రాజ్యానికి పన్ను కట్టడం పాపమైతే, ఆ రాజ్యాన్ని అవసరం చేసే సరుకు కొనడం మాటేమిటి?

రెండో ప్రపంచ యుద్ధకాలంలో ప్రభుత్వం నోట్లు అచ్చువేసి దేశంలోని ధాన్యం, బట్ట, సరుకులు యుద్ధానికి తరలించింది. అందుకు బదులుగా లండన్‌లో స్టెర్లింగు ఖాతాలో అంకెలు చేరుతూ వచ్చాయి. ఇక్కడ ధరలు పెరిగి పేదవాడి కూడు కరువైంది. దీనిపై కుమారప్ప రాసిన వ్యాసానికి పెట్టిన పేరుకు, రొట్టెకు బదులు రాయి అని అర్థం. రొట్టె అడిగిన కొడుక్కి రాయి ఇచ్చే తండ్రి ఉంటాడా అని కొండమీది ప్రసంగంలో యేసు వేసిన ప్రశ్న అందులో దాగి ఉంది. క్రైస్తవ దేశమని చెప్పుకునే ప్రభుత్వానికి అది తగలవలసిన చోటే తగిలింది. క్విట్ ఇండియా ఉద్యమం వేడిలో ఆయన మరోసారి ఖైదీ అయ్యారు.

జబల్పూర్ జైలులో ఆయన రెండు పుస్తకాలు రాశారు. ఒకటి యేసు ఆచరణ, బోధనల గురించి. మరొకటి శాశ్వత అర్థవ్యవస్థ గురించి. 1945లో వచ్చిన ఈ రెంటికీ గాంధీజీ ముందుమాటలు రాశారు. రెండూ ఒకే జైలులో పుట్టాయని మరిచిపోయి, మొదటిది మతగ్రంథమని, రెండోది అర్థశాస్త్ర గ్రంథమని వేరువేరుగా చదవడం అలవాటైంది. రెండో పుస్తకంలో ఆయన ప్రకృతి నుంచి ఐదు రకాల బతుకులను చూపుతారు. ఆశ్రయమిచ్చినదాన్నే చంపి బతికే పరాన్నజీవి. మామిడి తోటలో పడి తాను పెంచని పండు తినే కోతి. తేనె తీసుకుంటూనే పువ్వుకు పరాగసంపర్కం చేసే తేనెటీగ. తన కోసం కాక పట్టు మొత్తం కోసం కూడబెట్టే తేనెటీగల గుంపు. చివరగా, ప్రతిఫలం ఆశించకుండా పిల్లల నోటికి మేత అందించే తల్లిపక్షి. పాలనను కూడా ఈ మెట్ల మీద పెట్టి చూడవచ్చు. వలసరాజ్యం మొదటి రెండు మెట్ల దగ్గర తచ్చాడుతుంది. పౌలు చెప్పిన సేవకుడైన పాలకుడు ఉండవలసిన చోటు చివరి మెట్టు. ఆ మెట్టు మీద నిలబడిన ప్రభుత్వం చరిత్రలో ఎక్కడైనా ఉందా అంటే చెప్పడం కష్టం. కుమారప్ప ఆదర్శంలో ఉన్న ఇబ్బంది అదే. తల్లిపక్షికి సైన్యం అవసరం లేదు, సరిహద్దులు లేవు, ఐదేళ్లకోసారి ఎన్నికలు లేవు.

1947 తర్వాత ఆ ఇబ్బంది ఆయన జీవితంలోకే నడిచివచ్చింది. ఇప్పుడు గద్దె మీద ఉన్నది తనతో జైళ్లు పంచుకున్నవారు. వ్యవసాయ సంస్కరణలపై కాంగ్రెస్ వేసిన సంఘానికి ఆయనను అధ్యక్షుడిని చేశారు. ఆంధ్ర రైతు నాయకుడు ఎన్.జి. రంగా అందులో సభ్యుడు. 1949లో ఇచ్చిన నివేదిక రైతుకూ రాజ్యానికీ మధ్య ఉన్న దళారీ హక్కులన్నిటినీ తొలగించాలని, దున్నేవాడికే భూమి దక్కాలని, కమతాలకు పరిమితి ఉండాలని కోరింది. రంగా వంటివారు కొన్ని సిఫార్సులతో ఏకీభవించలేదు. దళారీ వ్యవస్థ రద్దు దాకా ప్రభుత్వాలు నడిచాయి, పరిమితి దగ్గరకు వచ్చేసరికి అడుగులు తడబడ్డాయి. ప్రణాళికలు భారీ పరిశ్రమల వైపు మళ్లాయి. గ్రామాభివృద్ధికి అమెరికా సాయం తీసుకోవడాన్ని కుమారప్ప తీవ్రంగా విమర్శించారు. 1951లో చైనా వెళ్లి అక్కడి భూసంస్కరణలను మెచ్చుకోవడంతో కమ్యూనిస్టు అన్న ముద్ర కూడా పడింది. ఢిల్లీలో ప్రణాళికా సమావేశానికి గుర్రపు బండిలో వెళ్తుంటే, నాయకుల కార్లు పోయే దారి అని పోలీసులు ఆపేశారని, ఈసారి ఎడ్లబండిలో వస్తానని ఆయన పట్టుబట్టారని ఒక కథ ఉంది. స్వతంత్ర రాజ్యపు రహదారి మీద పల్లెటూరి బండికి చోటు లేకపోవడం ఆయనకు నవ్వులాట విషయం కాదు.

పాత మిత్రులకు ఆయన మాట రుచించలేదు. విదేశీ ప్రభుత్వాన్ని ప్రశ్నించిన క్రైస్తవుడిని దేశభక్తుడన్నవారే, స్వదేశీ ప్రభుత్వాన్ని అదే లెక్కతో ప్రశ్నించినప్పుడు మొండివాడన్నారు. ఆయన స్వభావంలో మొండితనం లేకపోలేదు. కోపం త్వరగా వచ్చేది. సర్దుబాటు చేతకాదు. సంఘాలలో చేరడం కంటే వాటి నుంచి వైదొలగడం ఆయనకు తేలికగా అబ్బిన పని. ట్రాక్టరునూ రసాయన ఎరువునూ ఆయన తిరస్కరించిన తీరులో వాటి అవసరమున్న రైతు గొంతుకు తగినంత చోటు దొరకలేదనిపిస్తుంది. అయితే ప్రభుత్వం ఎవరిదన్న దాన్ని బట్టి తన తూకపు రాళ్లు మార్చలేదన్నది మాత్రం ఆయన విరోధులు కూడా ఒప్పుకోవలసిన మాట.

ఆరోగ్యం పాడైన తర్వాత 1950ల మధ్యకాలం నుంచి మదురై దగ్గరి టి. కల్లుపట్టిలో ఉన్న గాంధీ నికేతన్ ఆశ్రమంలో స్థిరపడ్డారు. పెళ్లి చేసుకోలేదు. ఆస్తి లేదు. రక్తపోటు బాధిస్తున్నా రాయడం, వచ్చినవారితో వాదించడం మానలేదు. ఆయన కుటీరం గోడ మీద ఒక పేద పల్లెటూరి మనిషి బొమ్మ ఉండేదని, అది ఎవరిదని అడిగినవారికి తన గురువుకు గురువు అని చెప్పేవారని అంటారు. ఆదివారం చర్చికి వెళ్లే క్రైస్తవులలో కొందరికి ఆయన ఎప్పటికీ అంతుపట్టలేదు, రాట్నం తిప్పే గాంధేయులలో కొందరికీ అంతే.

1960 జనవరి 30న, గాంధీజీ హత్య జరిగి సరిగ్గా పన్నెండేళ్లు నిండిన రోజున, కుమారప్ప కన్నుమూశారు. వయసు 68 సంవత్సరాలు. ఆ నెలలోనే ఢిల్లీలో మూడో పంచవర్ష ప్రణాళిక చర్చలు సాగుతున్నాయి. కల్లుపట్టిలో ఎద్దుగానుగ తిరుగుతూనే ఉంది.